కునుకు లేని డిటెక్టివ్: రెండు ‘ఇన్సోమ్నియా’లు



ఈసారి ఉపన్యాసానికి సినిమా విషయం తీసుకుంటానంటే నిర్వాహకులు వెంటనే సరేనన్నారు. క్రైమ్ సినిమా అనగానే కాస్త తటపటాయించారు. మా మాస్టారి స్మారక సభలో హత్యల కథ ఏం బాగుంటుందని వారి సందేహం. మాస్టారికైతే అలాంటి పట్టింపులు లేవు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలూ, కురొసావా సినిమాలూ ఆయన బల్ల మీద పక్కపక్కనే ఉండేవి. కాబట్టి ధైర్యంగా మొదలుపెడతాను. కథ చివరి దాకా చెప్పేస్తానని ముందే మనవి చేసుకుంటున్నాను. ఇరవై ఏళ్ళు దాటిన సినిమాల్లో ముగింపు దాచాల్సిన పని లేదు.

‘ఇన్సోమ్నియా’ పేరుతో రెండు సినిమాలున్నాయి. 1997లో ఎరిక్ షోల్ద్‌బ్యార్గ్ నార్వేలో తీసినది మొదటిది. ఆయనకు అది తొలి కథాచిత్రం. దాన్నే 2002లో క్రిస్టఫర్ నోలన్ హాలీవుడ్‌లో మళ్ళీ తీశాడు. ఈ రెండోదే మనవాళ్ళు ఎక్కువ మంది చూశారు. రెండింటిలోనూ ఒక కుక్క ఉంది. నా ఉపన్యాసానికి ఆ కుక్కే ఆధారం.

నార్వే సినిమాలో ఒక పోలీసు డిటెక్టివ్ సందులోకి వెళ్ళి బతికున్న కుక్కను కాల్చి చంపుతాడు. దాని ఒంట్లోంచి తూటా బయటికి తీస్తాడు. పొరపాటున తన చేతిలోనే చనిపోయిన సహోద్యోగి శరీరంలో దొరికిన తూటాను మాయం చేసి దాని స్థానంలో ఈ తూటాను పెట్టాలని అతని ఎత్తు. అమెరికా సినిమాలోనూ ఇదే పని జరుగుతుంది. అక్కడ మాత్రం కుక్క అప్పటికే చచ్చి పడి ఉంటుంది. డిటెక్టివ్ కాల్చేది కళేబరాన్ని. అల్ పచీనో చేత బతికున్న కుక్కను చంపించే ధైర్యం హాలీవుడ్ చెయ్యలేదు. చంపి ఉంటే రెండు గంటల తర్వాత ప్రేక్షకుడు అతన్ని క్షమించలేడు. రెండు సినిమాలకీ ఉన్న అసలు తేడా ఈ ఒక్క మార్పులో ఉందని నేననుకుంటాను. పాపం చేసి బాధపడేవాణ్ణి చూస్తే మన మనసు కరుగుతుంది. ఆ కరగడాన్ని అమెరికా సినిమా సొమ్ము చేసుకుంటుంది. నార్వే సినిమా దానికి అవకాశమే ఇవ్వదు.

కథ క్లుప్తంగా చెబుతాను. నార్వే ఉత్తరాన ట్రొమ్సో అనే ఊరు. పదిహేడేళ్ళ తాన్యా అనే అమ్మాయిని ఎవరో చంపారు. హంతకుడు శవాన్ని శుభ్రంగా కడిగాడు. జుట్టుతో సహా. ఈ కేసు చూడడానికి ఇద్దరు డిటెక్టివులు వస్తారు. వారిలో యూనాస్ ఎంగ్‌స్ట్రోమ్ స్వీడన్ దేశస్థుడు. ఆ పాత్రలో స్టెలాన్ స్కార్స్‌గార్డ్ నటించాడు. కేసులోని ఒక సాక్షితో హద్దు మీరి స్వీడన్‌లో పరువు పోగొట్టుకుని నార్వే చేరినవాడు. అప్పట్లో నార్వే పోలీసులు మామూలు విధుల్లో తుపాకీ పట్టుకునేవారు కాదు. ఇతను మాత్రం స్వీడన్ నాటి తుపాకీ వదల్లేదు. హంతకుణ్ణి రప్పించడానికి సముద్రం ఒడ్డున ఒక పాత గుడిసె దగ్గర వల పన్నుతారు. అతను వస్తాడు, పసిగట్టి పారిపోతాడు. పొగమంచు కమ్ముకుంటుంది. ఆ తెల్లటి గుడ్డితనంలో ఎంగ్‌స్ట్రోమ్ ఒక ఆకారం మీద కాల్పులు జరుపుతాడు. దగ్గరికెళ్ళి చూస్తే నేల మీద పడి ఉన్నది తోటి డిటెక్టివ్ ఎరిక్ వీక్.

ఇంతవరకూ అది ప్రమాదమే. అప్పుడే నోరు విప్పి ఉంటే ఒక విచారణ, ఒక మందలింపు, మహా అయితే ఉద్యోగం పోవడం. కానీ ఎవరో ముందుగానే హంతకుడు కాల్చాడని అనుకుంటారు. ఎంగ్‌స్ట్రోమ్ కాదనడు. అంతే. అతను పెద్ద కుట్రేమీ పన్నలేదు, వినబడ్డ అబద్ధాన్ని దిద్దలేదు. తర్వాత జరిగినవన్నీ ఆ మౌనాన్ని కాపాడుకోవడానికే: కుక్క, తూటా మార్పిడి, చివరికి తాన్యా ప్రియుడైన కుర్రవాడి మంచం కింద తుపాకీ పెట్టడం. సాక్ష్యం వెతకడంలో ఆరితేరిన చెయ్యి సాక్ష్యం పుట్టించడంలోనూ ఆరితేరే ఉంటుంది. ఏ గుర్తు ఎక్కడ దొరికితే పోలీసులు నమ్ముతారో అతనికి తెలిసినంతగా మామూలు నేరస్థుడికి తెలియదు.

ఇక వెలుగు సంగతి. ట్రొమ్సో ఆర్కిటిక్ వలయానికి బాగా పైన, దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే మూడో వారం నుంచి జూలై మూడో వారం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. నేర చిత్రాలకు అలవాటైన సరంజామా తెలుసు కదా: చీకటి వీధి, వాన, సిగరెట్ పొగ, గోడ మీద నీడ. షోల్ద్‌బ్యార్గ్ వాటన్నిటినీ పక్కన పెట్టేశాడు. అతని సినిమాలో దాక్కోవడానికి నీడ కూడా లేదు. గోడలు తెలుపు, ఆకాశం తెలుపు, మంచు తెలుపు. హోటల్ గదిలో కిటికీ తెర చుట్టూ ఎంత బిగించినా ఏదో ఒక సందులోంచి ఎండ గీత పడుతూనే ఉంటుంది. సంగీతం చేసిన గైర్ యెన్సెన్ ట్రొమ్సో మనిషే. బయోస్ఫియర్ పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తాడు. ఈ సినిమాలో ఆయన ధ్వని పాటలా వినిపించదు, ఖాళీ గదిలో ఫ్రిజ్ మోతలా వినిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. నోలన్ తన కథను అలాస్కాలోని నైట్‌మ్యూట్ అనే ఊళ్ళో పెట్టాడు. ఆ పేరుతో ఊరు నిజంగానే ఉంది. సినిమాలో కనిపించే కొండలూ జలపాతాలూ దట్టమైన అడవీ ఆ ఊరివి కావు. చిత్రీకరణ ఎక్కువ భాగం కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జరిగింది. అసలు నైట్‌మ్యూట్ పడమటి అలాస్కాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న యూపిక్ పల్లె. అదీగాక అది 60 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఆర్కిటిక్ వలయానికి బాగా దిగువన ఉంది. అక్కడ నడి వేసవిలో కూడా సూర్యుడు అస్తమిస్తాడు. రాత్రి పొట్టిది, మసక వెలుగుది. కానీ రాత్రి ఉంది. భూగోళం ప్రకారం చూస్తే పచీనో హాయిగా నాలుగు గంటలు పడుకోవచ్చు. నోలన్‌ను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. అతని సినిమాలో వెలుగు ఎండకు సంబంధించినది కాదని చెప్పడానికే చెబుతున్నాను. దానికి రుజువు సినిమాలోనే ఉంది. ఒక రాత్రి డిటెక్టివ్ తలుపులూ కిటికీలూ సామానుతో, గుడ్డలతో మూసేస్తూ నానా రభస చేస్తుంటాడు. పక్క గదివాళ్ళు ఫిర్యాదు చేస్తే హోటల్ నడిపే రేచల్ వస్తుంది. ఇంత వెలుతురేమిటని ఇతను వాపోతే, గది చీకటిగానే ఉందని ఆమె చెబుతుంది.

శరీరం మాటేమిటంటే, రెండు సినిమాల కాలంలోనూ సైన్సు యాదృచ్ఛికంగా వీటికి తోడుగా నడిచింది. 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. 17 గంటలు మేలుకున్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని, 24 గంటలైతే దాదాపు 0.10 శాతంతో సమానమని తేల్చారు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. అంటే ఎంగ్‌స్ట్రోమ్ ఆ రోజులన్నీ, చుక్క ముట్టకుండానే, తాగినవాడి చేతులతో దర్యాప్తు చేశాడన్నమాట. 2002లో, నోలన్ సినిమా వచ్చిన ఏడాదే, కంటి వెనక పొరలో వెలుగును నేరుగా పసిగట్టి శరీర గడియారానికి కబురు పంపే కణాలున్నాయని డేవిడ్ బెర్సన్ బృందం చూపించింది. అవి బొమ్మను చూడడానికి కాదు, పగలా రాత్రా అని తెలుసుకోవడానికి. కన్ను మూసినా రెప్పలోంచి కొంత వెలుగు దూరుతూనే ఉంటుంది.

అయితే నిద్రలేమి వేరు, పశ్చాత్తాపం వేరు. ఇది చెప్పడానికి మనకు నార్వే దాకా వెళ్ళాల్సిన పని లేదు. ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడు ఒక రాత్రంతా నిద్రపట్టక విదురుణ్ణి పిలిపిస్తాడు. సంజయుడు పాండవుల దగ్గర్నుంచి తిరిగి వచ్చి, వాళ్ళేమన్నారో రేపు సభలో చెబుతానని వెళ్ళిపోయాడు. రాజుకి కంటి మీద కునుకు లేదు. అప్పుడు విదురుడు ఓదార్చడు, ఆరా తీస్తాడు. బలవంతుడితో వైరం తెచ్చుకున్నవాడికి, సొత్తు పోగొట్టుకున్నవాడికి, కామంతో వేగేవాడికి, దొంగకు నిద్రపట్టదని లెక్క చెప్పి, పరుల సొమ్ము మీద ఆశ పెట్టుకోలేదు కదా అని అడుగుతాడు. అనుమానితుణ్ణి కూర్చోబెట్టి అడిగే పద్ధతే ఇది. ధృతరాష్ట్రుడు తెల్లవార్లూ నీతులు విన్నాడు. నువ్వు చెప్పింది నిజమే అన్నాడు. తెల్లారాక పాండవుల భాగం ఇచ్చాడా? లేదు. నిద్ర పోయింది, రాజ్యం ఇవ్వలేదు. తిక్కన తెలుగులో ఆ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఆ ముసలి రాజు మీద జాలి కలుగుతుంది, వెంటనే ఆ జాలి మీద అనుమానమూ కలుగుతుంది.

ఎంగ్‌స్ట్రోమ్ ఆ తరహా మనిషి. ఎర్రబారిన కళ్ళతో తిరుగుతాడు, చనిపోయిన వీక్ అతనికి కనిపిస్తాడు. అయినా ఏ ఒక్క అబద్ధమూ వెనక్కి తీసుకోడు. పైగా కొత్త పాపాలు చేస్తాడు. తాన్యా స్నేహితురాలైన పాఠశాల పిల్లను కారులో ఎక్కించుకుని తాకరాని చోట తాకుతాడు. హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి దయతో దగ్గరికొస్తే ఆమె మీద బలప్రయోగానికి దిగుతాడు. హంతకుడైన రచయిత యోన్ హోల్ట్ తాన్యా విషయంలో చేసిన తప్పుకూ ఇతని చేతలకూ మధ్య దూరం ఎంతో లేదు. సినిమా ఆ సంగతిని సంభాషణల్లో చెప్పదు, ఇద్దరి చేతులనూ చూపిస్తుంది. స్కార్స్‌గార్డ్ ముఖంలో ఏదీ తెరిచి కనిపించదు. లోపల ఏం జరుగుతోందో మనకు తెలియనివ్వని నటన అది. ఆ మూసిన తలుపు ముందు మనం గంటన్నర నిలబడతాం.

నోలన్ సినిమాలో తలుపు తెరిచే ఉంటుంది. పచీనో పోషించిన విల్ డోర్మర్ లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో పేరున్న డిటెక్టివ్. స్థానిక పోలీసు అమ్మాయి ఎలీ బర్ అతని పాత కేసులు చదువుకుని పెద్దదైంది. డోర్మర్ పాత్రకు రచయిత్రి హిలరీ సైట్జ్ రెండు పాత బరువులు కట్టింది. ఒకటి, పోలీసుల మీదే విచారణ జరిపే విభాగం అతని వెంట పడుతోంది. తోటి డిటెక్టివ్ హాప్ వాళ్ళకు వాంగ్మూలం ఇవ్వబోతున్నాడు. రెండు, పిల్లవాణ్ణి హింసించి చంపిన ఒక దుర్మార్గుడు తప్పించుకుంటాడని తోచి, చనిపోయిన పిల్లవాడి రక్తాన్ని ల్యాబు నుంచి తెచ్చి వాడి ఇంట్లో పెట్టి శిక్ష వేయించాడు. హాప్ నోరు విప్పితే ఆ కేసు కూలిపోతుంది.

ఈ మార్పుతో పొగమంచులోని ఆ ఒక్క కాల్పు పూర్తిగా వేరే సంగతైపోయింది. ఎంగ్‌స్ట్రోమ్‌కు వీక్‌ను చంపడానికి కారణమేమీ లేదు. డోర్మర్‌కు ఉంది. తూటా తగిలి పడ్డ హాప్ తన స్నేహితుణ్ణి దగ్గరికి రానివ్వడు. కావాలనే కాల్చావన్న నమ్మకంతోనే చచ్చిపోతాడు. నిజంగా కావాలనే కాల్చాడా? హంతకుడు వాల్టర్ ఫించ్ అదే అడుగుతాడు. చివర్లో ఎలీ అదే అడుగుతుంది. తనకు తెలియదంటాడు డోర్మర్. ముప్పై ఏళ్ళుగా ఎదుటివాడి ఉద్దేశం ఏమిటో తవ్వి తీసినవాడు, తన వేలు ట్రిగ్గర్ నొక్కిన ఆ అర సెకనులో ఏమనుకున్నాడో చెప్పలేకపోయాడు. అసలు కంటే ఈ రీమేక్ లోతుకు దిగిన చోటు ఇదొక్కటే అని నా అభిప్రాయం. కానీ ఆ ఒక్కటి చాలా పెద్దది. నేరంలో చర్య ఎంత ముఖ్యమో ఉద్దేశం అంత ముఖ్యమని చట్టం అంటుంది. ఉద్దేశానికి ఏకైక సాక్షి నిందితుడే అయినప్పుడు, ఆ సాక్షికే గుర్తు లేకపోతే ఏం చెయ్యాలి? ఫించ్‌గా రాబిన్ విలియమ్స్ గొంతు ఎప్పుడూ హెచ్చదు. అర్ధరాత్రి ఫోన్ చేసి, నీకూ నిద్రపట్టడం లేదు కదా అన్నట్టు మాట్లాడతాడు. డోర్మర్ నిజం చెప్పుకోగలిగిన ఒకే మనిషి హంతకుడు. నవ్వించే విలియమ్స్‌ను ఈ పాత్రకు ఎంచుకోవడం నోలన్ చేసిన మంచి పనుల్లో ఒకటి.

ల్యాబు నుంచి తెచ్చిన రక్తం గురించి ఇంకో మాట. థియేటర్‌లో ఆ విషయం వెల్లడైనప్పుడు చాలామంది ప్రేక్షకులకు డోర్మర్ మీద కోపం రాదు. వాడు అలాంటివాడు, శిక్ష పడాల్సిందే అనిపిస్తుంది. తెలుగువాళ్ళం మనకిది కొత్త కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడి వంతెన దగ్గర పోలీసుల మీద జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలని అందులో ఉంది. నివేదిక వచ్చిన రోజు ఎవరూ పూలు చల్లలేదు, రాళ్ళూ వెయ్యలేదు. చాలామంది చదవనే లేదు. డోర్మర్ లాంటివాడికి అక్కడ నిద్ర కరువైంది. ఇక్కడ ఉండి ఉంటే ఊరేగింపు దక్కేదేమో.

మన సినిమాల్లోనూ బాధపడే పోలీసులు లేకపోలేదు. 2012 నాటి ‘తలాష్’లో ఆమిర్ ఖాన్ పాత్ర, కొడుకు నీళ్ళలో మునిగి చనిపోయినప్పుడు తాను చూసుకోలేదని కుమిలిపోతుంది. 2020లో శైలేష్ కొలను తీసిన ‘హిట్’లో విశ్వక్ సేన్ పాత్రను గతంలో కళ్ళారా చూసిన ఒక ఘోరం వెంటాడుతుంది. రెండూ శ్రద్ధగా తీసినవే. కానీ గమనించండి, ఆ ఇద్దరూ తప్పు చేసినవాళ్ళు కాదు. గాయపడ్డవాళ్ళు. గాయాన్ని అపరాధ భావనగా చూపిస్తే హీరోకు లోతు వస్తుంది, మచ్చ రాదు. కురొసావా 1949లో తీసిన ‘స్ట్రే డాగ్’ కూడా ఒక రకంగా ఈ కోవదే. బస్సులో తుపాకీ పోగొట్టుకున్న కుర్ర డిటెక్టివ్, దాన్నుంచి పేలిన ప్రతి తూటాకూ తనే బాధ్యుణ్ణని టోక్యో ఎండలో తిరుగుతాడు. పోగొట్టుకోవడం తప్పే. హత్య మాత్రం అతనిది కాదు. మలయాళంలో 2013 నాటి ‘ముంబయ్ పోలీస్’ ఒక్కటే తెగించింది. జ్ఞాపకశక్తి పోయిన పోలీసు తన మిత్రుడి హత్యను దర్యాప్తు చేస్తూ చేస్తూ తన దగ్గరికే చేరుకుంటాడు. దాన్ని 2023లో తెలుగులో ‘హంట్’గా తీస్తే జనం పెద్దగా పట్టించుకోలేదు. సినిమా లోపాలు కొన్ని కారణమే. హీరోనే దోషిగా చూడడానికి మనం డబ్బిచ్చి టికెట్ కొనమన్నది ఇంకో కారణమని నా అనుమానం.

చివరిగా ముగింపుల సంగతి. రెండు సినిమాల్లోనూ నిజాన్ని పట్టేది ఒక మహిళా పోలీసు, ఒక తూటా ఖాళీ షెల్‌తో. అమెరికాలో ఎలీ బర్, నార్వేలో హిల్డె హాగెన్. ఇద్దరికీ అప్పగించిన పని ఒకటే: డిటెక్టివ్ చావు మీద నివేదిక రాసి సంతకం పెట్టడం. పెద్దాయన చెప్పింది రాసేస్తే పూర్తవుతుంది. ఇద్దరూ మళ్ళీ ఆ ఒడ్డుకు వెళ్ళి రాళ్ళ మధ్య వెతుకుతారు. దర్యాప్తు అంటే అదే. మిగతా పాత్రలు చేసేది నాటకం.

నోలన్ ముగింపులో ఫించ్, డోర్మర్ ఒకరినొకరు కాల్చుకుంటారు. చనిపోతున్న డోర్మర్‌ను కాపాడడానికి ఎలీ ఆ షెల్‌ను పారేయబోతుంది. అతనే ఆపుతాడు. దారి తప్పవద్దంటాడు, తనను నిద్రపోనివ్వమంటాడు. పచీనో కళ్ళు మూసుకుంటాయి, ప్రేక్షకుడి కళ్ళు చెమ్మగిల్లుతాయి. పని బాగా కుదిరింది. బాకీ తీరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ చావుతో బాకీ తీర్చే పాత్రలను నేను అంత సులభంగా నమ్మను. బతికి ఉండి విచారణ బోనులో నిలబడడం అంతకంటే కష్టమైన పని. ఆ కష్టం నుంచి రచయిత్రి అతన్ని తప్పించింది.

షోల్ద్‌బ్యార్గ్ ఎవరినీ తప్పించలేదు. హోల్ట్ కుళ్ళిన చెక్కల మధ్య నుంచి కిందికి జారి, తలకు దెబ్బ తగిలి, నీళ్ళలో మునిగి చస్తాడు. అదీ ప్రమాదమే. ఎంగ్‌స్ట్రోమ్ పని ముగిసింది, పెట్టె సర్దుకుంటున్నాడు. హిల్డె వస్తుంది. ఒడ్డున దొరికిన షెల్ నార్మా కంపెనీది, స్వీడన్ పోలీసులు వాడేది. దాన్ని అతని ముందు బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంది. ప్రశ్న లేదు, అరెస్టు లేదు. ఆమె ఎందుకలా చేసిందని మాస్టారి ఇంట్లో చాలాసేపు వాదించుకున్నాం. జాలి అన్నవాళ్ళున్నారు, భయం అన్నవాళ్ళున్నారు. మాస్టారు మాత్రం ఆమెది ఉద్యోగ ధర్మమని వాదించారు. నీకు తెలుసు, నాకూ తెలుసు అని చెప్పడంతో ఆమె పని అయిపోయిందని ఆయన ఉద్దేశం. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. వీక్‌ను ఎవరు చంపారన్న ప్రశ్నకు ట్రొమ్సో పోలీసుల ఫైల్లో జవాబు హోల్ట్ పేరు మీదే మిగిలిపోయింది. దాన్ని అలా మిగలనిచ్చింది ఎంగ్‌స్ట్రోమ్ ఒక్కడే కాదు.